కుర్చీ దక్కింది, ఉంగరం దక్కలేదు: యెహోయాకీను సంగతి

మీ సంఘంలో పోయిన ఆదివారం "చెరసాల నుంచి సింహాసనానికి" అని యోసేపు గురించి వాక్యం చెప్పారు. ముగించే ముందు అయ్యగారు "యెహోయాకీను కూడా ఇలాగే హెచ్చించబడ్డాడు" అని ఒక్క ముక్క అనేసి ప్రార్థనలోకి వెళ్లిపోయారు. మీరు ఇంటికొచ్చి రెండవ రాజుల గ్రంథం తీస్తే యెహోయాకీను చెడ్డ రాజు అని రాసి ఉంది. చెడ్డవాడికి అంత గౌరవం ఎందుకు, ఇది నిజంగా జరిగిందనడానికి బైబిలు బయట ఏదైనా ఉందా, యోసేపుతో పోల్చడం సబబేనా అని అడిగారు.

పాతికేళ్లకు పైగా బుధవారం సాయంత్రాలు పాత నిబంధన క్లాసులు చెబుతున్నాను. ముప్పై ఏడేళ్లు బబులోనులో బందీగా ఉన్న ఈ యూదా రాజును కొత్త బబులోను రాజు బయటికి తీసి తన బల్ల దగ్గర కూర్చోబెట్టాడని రెండవ రాజుల గ్రంథం చివరి నాలుగు వచనాలు చెబుతాయి. ఆ నాలుగు వచనాల దగ్గర నేను తడబడినంతగా ఇంకెక్కడా తడబడలేదు. మొదటిసారి చెప్పినప్పుడైతే తండ్రి యెహోయాకీమునూ కొడుకు యెహోయాకీనునూ కలిపేసి అరగంట మాట్లాడాను. చివరి అక్షరం ఒక్కటే తేడా. యిర్మీయా ప్రవక్త గ్రంథపు చుట్టను కోసి మంటలో వేసింది తండ్రి. నేను ఆ పాపం కొడుకు నెత్తిన రుద్దాను. పెద్దవాళ్లెవరూ పట్టించుకోలేదు గానీ, ఇంటర్ చదివే కుర్రాడొకడు చెయ్యెత్తి "అది వాళ్ల నాన్న కదండీ" అన్నాడు. అందుకే ముందు పేర్ల సంగతి చెబుతాను. యెహోయాకీను, యెకొన్యా, కొన్యా, ముగ్గురూ ఒక్కడే. మత్తయి మొదటి అధ్యాయంలోని వంశావళిలో "యెకొన్యా" అని చదువుతామే, అతనే.

కథ చిన్నదే. పద్దెనిమిదేళ్ల వయసులో యెరూషలేములో రాజయ్యాడు. ఏలింది మూడు నెలలు. తండ్రి బబులోను మీద తిరగబడి చచ్చిపోయాడు, ఆ తిరుగుబాటుకు లెక్క తేల్చడానికి వచ్చిన సైన్యం కొడుకు గద్దె ఎక్కేసరికి గుమ్మంలో ఉంది. తండ్రి చేసిన అప్పుకు కొడుకు ఇంటికి జప్తు నోటీసు రావడం మనం చూడనిదా! అతను కోట తలుపులు మూసుకుని కూర్చోలేదు. తల్లి నెహుష్తాను, సేవకులను, అధిపతులను వెంటబెట్టుకుని బయటికి వచ్చి బబులోను రాజు నెబుకద్నెజరుకు లొంగిపోయాడు. దేవాలయంలో సొలొమోను చేయించిన బంగారు ఉపకరణాలను తునకలు చేసి పట్టుకుపోయారు. రాజుల గ్రంథం లెక్క ప్రకారం పదివేల మందిని చెరపట్టారు. అందులో సైనికులు, కంసాలులు, కమ్మరులు ఉన్నారు. బీదవాళ్లు తప్ప ఇంకెవరూ మిగల్లేదు. చేతిలో పని ఉన్నవాళ్లను తీసుకుపోతే వెనక మిగిలినవాళ్లు కత్తి చేసుకోలేరు, గోడ కట్టుకోలేరు. బబులోను పద్ధతే అది.

ఇక బైబిలు బయటి సంగతి. బ్రిటిష్ మ్యూజియంలో ఒక మట్టి పలక ఉంది. బబులోను రాజుల దండయాత్రలను ఏడాదివారీగా రాసిన చరిత్ర అది. 1956లో అచ్చయింది. నెబుకద్నెజరు ఏడో ఏట శీతకాలంలో సైన్యంతో బయలుదేరి, యూదా పట్టణం ముందు దిగి, అదారు నెల రెండో రోజున పట్టణాన్ని పట్టుకుని, రాజును బంధించి, తనకు నచ్చిన ఇంకొకరిని రాజుగా పెట్టి, బరువైన కప్పం తీసుకుపోయాడని అందులో ఉంది. మన క్యాలెండరులో అది క్రీ.పూ. 597, మార్చి 16. పాత నిబంధనలో ఇంత కచ్చితంగా తారీఖు తెలిసిన సంఘటనలు చాలా తక్కువ. పలకలో ఆ యూదా రాజుల పేర్లు లేవు. బంధించిన రాజు యెహోయాకీను, నచ్చినవాడు అతని పినతండ్రి మత్తన్యా. అతనికే సిద్కియా అని పేరు మార్చారు. రాజుల గ్రంథం "ఎనిమిదో ఏడు" అంటుంది, పలక "ఏడో ఏడు" అంటుంది, యిర్మీయా 52 కూడా ఏడే అంటుంది. గద్దె ఎక్కిన ఏడాదిని లెక్కలో కలుపుతారా లేదా అన్న తేడా. పిల్లవాడి వయసు "ఐదు నడుస్తోంది" అనడానికీ "నాలుగు నిండాయి" అనడానికీ ఉన్నంత తేడా అనుకోండి.

ఆ తర్వాత ముప్పై ఏడేళ్లు. ఇక్కడే నేను మిమ్మల్ని కాస్త ఆపుతాను, ఎందుకంటే వాక్యం చెప్పేవాళ్లు సాధారణంగా ఈ ముప్పై ఏడేళ్లను ఒక్క గంతులో దాటేస్తారు.

ఆ చెరలో పోయినవాళ్లలో యెహెజ్కేలు ప్రవక్త కూడా ఉన్నాడు. అతను తన దర్శనాలకు తేదీలు వేసేది "యెహోయాకీను చెరపట్టబడిన అయిదవ సంవత్సరము" అన్న లెక్కతోనే. యెరూషలేములో సిద్కియా గద్దె మీద ఉన్నా, బబులోనులో కెబారు నది ఒడ్డున ఉన్న బందీలకు కాలం ఈ ఖైదీ రాజు పేరుతోనే నడిచింది. యెరూషలేములో హనన్యా అనే ప్రవక్త ఒకడు "రెండేళ్లు ఆగండి, యెకొన్యా తిరిగి వస్తాడు, బంగారు పాత్రలన్నీ తిరిగి వస్తాయి" అని దేవాలయంలో అందరి ముందూ చెప్పాడు. జనానికి అదే కావాలి. యిర్మీయా మాత్రం చెరలో ఉన్నవాళ్లకు ఉత్తరం రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి, ఇది డెబ్బై ఏళ్ల వ్యవహారం అన్నాడు.

మన ఇళ్లలో కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల మీద, క్యాలెండర్ల మీద ఎక్కువగా కనిపించే మాటల్లో ఒకటి, "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అన్నది, ఈ ఉత్తరంలోదే. ఆ ఉత్తరం మొదట చేరింది యెహోయాకీనుతో పాటు వెళ్లిన బందీలకు. ఆ మాటకు ముందు వచనంలోనే డెబ్బై ఏళ్లు అని ఉంది. కార్డు మీద ఆ వచనం వేయరు. వేస్తే ఎవరు కొంటారు లెండి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగం. రాబర్ట్ కోల్డెవే అనే జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త 1899 నుంచి 1917 దాకా బబులోను శిథిలాలు తవ్వాడు. ఇష్తారు ద్వారానికి దగ్గర్లో, నెబుకద్నెజరు దక్షిణపు కోట మూలన, కమాను కప్పులున్న గదుల వరస ఒకటి బయటపడింది. కోల్డెవే వాటిని చూసి ఇవే వేలాడే తోటల అడుగుభాగమని మురిసిపోయాడు. లోపల దొరికినవి మాత్రం కొట్టు లెక్కలు. కోట నుంచి ఎవరెవరికి ఎంత నూనె, ఎంత యవలు కొలిచి ఇచ్చారో గుమాస్తాలు మట్టి పలకల మీద గీసి పెట్టిన పద్దులు. అవి బెర్లినుకు చేరాయి. ఎర్న్స్ట్ వైడ్నర్ అనే పండితుడు వాటిలో కొన్నిటిని చదివి 1939లో ప్రచురించాడు. అందులో ఒక పేరు "యౌకీను, యాహూదు దేశపు రాజు".

మన కిరాణా కొట్టు ఖాతా పుస్తకం గుర్తు చేసుకోండి. ఒక వరసలో పేరు, దాని పక్కన కొలత, అంతే. ఈ పలకలూ అంతే. అర్వదు నుంచి వచ్చిన వడ్రంగులకు ఇంత, గెబలు వడ్రంగులకు ఇంత, గ్రీకు వడ్రంగులకు ఇంత, అష్కెలోను రాజు కొడుకులకు ఇంత. వాటి మధ్యలో యూదా రాజు, ఆ కిందే "యూదా రాజు కొడుకులు, ఐదుగురు", వాళ్లకు కలిపి రెండున్నర సిలా నూనె. సిలా అంటే దాదాపు లీటరు. అంటే తలకు అర సిలా. రాజుకు మాత్రం దానికి ఎన్నో రెట్లు కొలిచారు. ఆ పద్దుల్లో ఒకటి నెబుకద్నెజరు పదమూడో ఏటిది, అంటే క్రీ.పూ. 592. చెరకు వచ్చి ఐదేళ్లు, వయసు ఇరవై మూడు, ఐదుగురు కొడుకులు. రాజుల గ్రంథంలో అతని "భార్యలు" అని బహువచనం ఉంది కాబట్టి ఆశ్చర్యపడనక్కర్లేదు.

దీన్ని నేను మొదటిసారి చదివినప్పుడు రెండు సంగతులు తట్టాయి. ఒకటి, బబులోను గుమాస్తా అతన్ని ఇంకా "రాజు" అనే రాస్తున్నాడు. గద్దె మీద సిద్కియా కూర్చుని ఉండగానే! నెబుకద్నెజరు ఇతన్ని చేతిలో తురుపు ముక్కలా ఉంచుకున్నాడేమో, సిద్కియా తోక జాడిస్తే మళ్లీ ఇతన్నే పంపవచ్చని. రెండోది, యిర్మీయా 22లో "ఈ మనుష్యుని సంతానహీనుడని వ్రాయుడి" అని ఉందే, ఇక్కడ చూస్తే ఐదుగురు పిల్లలు నూనె తీసుకుంటున్నారు. కంగారు పడకండి. ఆ వచనమే కిందికి చదివితే, అతని సంతానంలో ఒక్కడూ దావీదు సింహాసనం మీద కూర్చోడని అర్థం చెబుతుంది. పిల్లలు ఉంటారు, రాజులు ఉండరు.

సిద్కియా తోక జాడించాడు కూడా. క్రీ.పూ. 586లో యెరూషలేము కాలిపోయింది (కొందరు 587 అంటారు). నెబుకద్నెజరు మకాం వేసిన రిబ్లాలో సిద్కియా కొడుకులను అతని కళ్లముందే చంపి, తర్వాత ఆ కళ్లు పీకేశారు. ఆ తిరుగుబాటు రోజుల్లోనే బబులోనులో యెహోయాకీనును కూడా గట్టి కాపలాలో వేసి ఉంటారని కొందరు పండితుల ఊహ. 592లో కుటుంబంతో కోట కొట్టు నుంచి నూనె తీసుకుంటున్నవాడు 561 నాటికి "బందీగృహ వస్త్రాల్లో" ఎందుకున్నాడన్న ప్రశ్నకు అది ఒక జవాబు. ఊహే గానీ, నాకు నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది.

ఇక ఆ నాలుగు వచనాలకు వద్దాం. రెండవ రాజులు 25, 27 నుంచి 30. నెబుకద్నెజరు నలభై మూడేళ్లు ఏలి చనిపోయాడు. కొడుకు ఎవీల్మెరోదకు వచ్చాడు. బబులోను భాషలో అతని పేరు అమేల్ మర్దూక్, అంటే మర్దూకు దేవుని మనిషి. హీబ్రూలో "ఎవీల్" అంటే మూర్ఖుడు, రాసినవాళ్లు కావాలనే అలా పలికించారేమో! ఏలడం మొదలుపెట్టిన ఏడాదే, పన్నెండో నెల చివర్లో, బబులోనువాళ్ల కొత్త సంవత్సరం పండుగకు కొన్నాళ్ల ముందు, అతను యెహోయాకీనును బయటికి తీయించాడు. అప్పటికి ఖైదీకి యాభై ఐదేళ్లు.

తెలుగు బైబిల్లో "బందీగృహములోనుండి తెప్పించి" అని ఉన్నచోట హీబ్రూలో ఒక నుడికారం ఉంది: రాజు అతని "తల ఎత్తాడు". మనకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు, తలెత్తుకు తిరగడం, తల దించుకోవడం మన మాటల్లోనూ ఉన్నాయి. ఇదే నుడికారం ఆదికాండం 40లో యోసేపు కథలో మూడుసార్లు వస్తుంది. ఫరో నీ తల పైకెత్తుతాడు అని యోసేపు తోటి ఖైదీ అయిన పానదాయకుల అధిపతితో అంటాడు, అతనికి ఉద్యోగం తిరిగొస్తుంది. నీ తల కూడా ఎత్తుతాడు, నీ మీద నుంచి, అని భక్ష్యకారుల అధిపతితో అంటాడు, అతన్ని వేలాడదీస్తారు. కాబట్టి మీ అయ్యగారు పోలిక ఊరికే తేలేదు. రాజుల గ్రంథం ముగించినవాళ్ల మనసులో యోసేపు ఉన్నాడనే నేనూ అనుకుంటాను. బందీగృహం, తల ఎత్తడం, బట్టలు మార్చడం, పరాయి రాజు సన్నిధి, మిగతావాళ్లకంటే ఎత్తైన చోటు, అన్నీ వరసగా ఉన్నాయి.

కానీ అంతా కలిసినచోటే తేడా ఎక్కడుందో చూడాలి. యోసేపును ఎందుకు పైకి తెచ్చారో కథ చెబుతుంది. కల అర్థం చెప్పాడు, ఏడేళ్ల కరువుకు ధాన్యం నిలవ చేసే ఉపాయం చెప్పాడు, ఫరోకు అతని అవసరం ఉంది. పదిహేడేళ్లప్పుడు ఇరవై తులాల వెండికి అమ్ముడుపోయినవాడు ముప్పై ఏళ్లకు ఫరో ముందు నిలబడ్డాడు. పదమూడేళ్ల కష్టం. ఫరో చేసిన మొదటి పని తన చేతి ఉంగరం తీసి అతని చేతికి పెట్టడం. తర్వాతే నారబట్టలు, బంగారు గొలుసు. ఉంగరం అంటే నగ కాదు, ముద్ర. ఇవాళ్టి లెక్కలో సంతకం పవరు. ఆ ఉంగరంతో కొట్టు తాళాలు తెరిపించవచ్చు, దేశమంతా ధాన్యం కొలిపించవచ్చు.

యెహోయాకీను ఏం చేశాడు? కల చెప్పలేదు, ఉపాయం చెప్పలేదు, ప్రార్థించాడని గానీ పశ్చాత్తాపపడ్డాడని గానీ ఆ పుస్తకం ఒక్క మాట అనదు. అతనికి దక్కినవి దయగల మాటలు, వేరే బట్టలు, బబులోనులో ఉన్న మిగతా బందీ రాజుల పీఠాలకంటే ఎత్తైన పీఠం, రాజు సన్నిధిలో భోజనం, "ఏనాటికి ఆనాడు" బత్తెం. ఉంగరం లేదు.

ఉంగరం ఊసు ఎందుకు ఇన్నిసార్లు ఎత్తుతున్నానంటే, ఇతని కథలో అసలు పోయిందే అది. యిర్మీయా 22లో దేవుడు, కొన్యా నా కుడిచేతి ముద్ర ఉంగరంగా ఉన్నా సరే అక్కడి నుంచి ఊడబీకి పారేస్తాను అంటాడు. ముప్పై ఏడేళ్ల తర్వాత కుర్చీ వచ్చింది, భోజనం వచ్చింది, ఆ ఉంగరం మాత్రం రాలేదు. పాఠకుడు దాని కోసం చూడాలనే ఆ నాలుగు వచనాలు అంత పొదుపుగా రాశారేమో అనిపిస్తుంది నాకు.

ఆ బత్తెం మాట కూడా గమనించండి. లారీ డ్రైవర్లకు, సినిమా షూటింగుల్లో పనివాళ్లకు రోజువారీ ఇచ్చేదాన్ని మనం ఇప్పటికీ బత్తా అంటాం. జీతం వేరు, బత్తా వేరు. బత్తా ఆ పూటది, రేపటిది రేపే. కూడబెట్టుకోవడానికి అందులో ఏమీ ఉండదు. అనువాదకులు ఆ మాటను ఎంచుకోవడం నాకు భలే నచ్చుతుంది, ఎందుకంటే బెర్లినులో ఉన్న ఆ మట్టి పలకలు అచ్చంగా బత్తెం పద్దులే. ఒకప్పుడు కొట్టు నుంచి కొలిచి పంపేవాళ్లు, ఇప్పుడు బల్ల దగ్గరే వడ్డిస్తున్నారు.

రాజు బల్ల దగ్గర భోజనం గౌరవమే, కాదనను. కానీ పాత నిబంధనలో అది ఎప్పుడూ ఒట్టి గౌరవం కాదు. దావీదు సౌలు మనవడు మెఫీబోషెతును తన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అతని తండ్రి, తన స్నేహితుడు అయిన యోనాతాను మీద ప్రేమతోనే, సందేహం లేదు. అదే సమయంలో పాత రాజవంశంలో మిగిలినవాడు రోజూ కళ్లముందే ఉంటాడు. ఎవీల్మెరోదకుకూ ఆ లెక్క ఉండే ఉంటుంది. బబులోనుకే తెచ్చిపెట్టబడిన దానియేలు రాజు భోజనం వద్దని శాకధాన్యాలు తిన్నాడు. యెహోయాకీను రాజు భోజనం తిన్నాడు. పుస్తకం అతన్ని మెచ్చుకోదు, తిట్టదు.

మీ మొదటి సందేహానికి, చెడ్డవాడికి ఎందుకు అన్నదానికి, నా జవాబు ఇది. ఆ గౌరవం అతని మంచికి బహుమానం కాదు, పుస్తకం అలా అనడమూ లేదు. కొత్త రాజు గద్దె ఎక్కగానే దయ చూపించుకోవడం ఆ రోజుల్లో రాజులకు అలవాటే. ఎవీల్మెరోదకు కూడా తండ్రి కోపానికి గురై జైల్లో పడ్డాడని, అక్కడ వీళ్లిద్దరికీ స్నేహం కుదిరిందని యూదుల పాత కథ ఒకటి ఉంది. చెప్పడానికి బాగుంటుంది, కథగానే చెప్పండి. యెహోయాకీను ఖాతాలో చెప్పుకోదగ్గ మంచి పని ఏదైనా ఉంటే అది పద్దెనిమిదేళ్లప్పుడు కోట తలుపులు తీసి బయటికి రావడం. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ దీన్నే ఎత్తి చూపాడు. క్రీ.శ. 70లో రోమా సైన్యం యెరూషలేమును ముట్టడించినప్పుడు గోడ దగ్గర నిలబడి లోపలివాళ్లతో, పట్టణం కాలకూడదని యెకొన్యా తానే చెరకు వెళ్లాడు, మీరూ అలా చేయండి అని బతిమాలాడు. వాళ్లు వినలేదు. సిద్కియాకు కూడా యిర్మీయా చెప్పింది అదే, లొంగిపో, బతుకుతావు అని. లొంగినవాడు ముప్పై ఏడేళ్ల తర్వాత బల్ల దగ్గర కూర్చున్నాడు, లొంగనివాడు గుడ్డివాడై జైల్లో చచ్చాడు. ఇద్దరి గురించీ "చెడునడత నడిచెను" అనే రాశారు.

ఒకసారి క్లాసులో ఇదంతా అయ్యాక ఒక పెద్దావిడ అడిగింది: "అయ్యగారూ, మరి ఇంటికి వెళ్లాడా?" లేదమ్మా అన్నాను. "అయితే చచ్చేదాకా బబులోనులోనేనా?" అవునమ్మా. ఆవిడ కాసేపు ఆలోచించి "అలాగైతే విడుదల అనకండి, బెయిలు అనండి" అంది. వాళ్లబ్బాయి కేసు ఏదో కోర్టులో నలుగుతోందని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి నేను ఈ భాగానికి విడుదల అన్న మాట వాడటం తగ్గించాను. యోసేపు కూడా ఐగుప్తులోనే చనిపోయాడు, నూట పదేళ్లకు. కానీ నా ఎముకలు ఇక్కడి నుంచి తీసుకుపోవాలని ఒట్టు పెట్టించుకుని మరీ పోయాడు. యెహోయాకీను నోట ఒక్క మాట కూడా రాయలేదు. రాజుల గ్రంథాలు రెండిట్లో అతను మాట్లాడిన వాక్యం ఒక్కటీ లేదు, వెతికి చూడండి.

పండితుల్లో కూడా ఈ ముగింపు మీద రెండు పక్షాలున్నాయి. మార్టిన్ నోత్ 1943లో, రాసినవాడికి అందిన చివరి వార్త ఇది, అందుకే పెట్టాడు, దీంట్లో ఆశ ఏమీ లేదు అన్నాడు. గెర్హార్డ్ ఫాన్ రాడ్, దావీదు వంశపు దీపం ఆరిపోలేదని చెప్పడానికే ఇది అన్నాడు. నాకు చిన్నప్పుడు రెండోదే నచ్చేది. ఇప్పుడు నోత్ మాటలోనూ పస ఉందనిపిస్తుంది. ఎవీల్మెరోదకు ఏలింది రెండేళ్లే. క్రీ.పూ. 560లో అతన్ని బావ చంపి గద్దె ఎక్కాడు. అంటే ఈ దయగల రాజు బల్ల కూడా ఎక్కువ కాలం లేదు. ఆ సంగతి రాజుల గ్రంథం చెప్పదు. "తాను బ్రదికిన దినములన్నియు" అని ముగిస్తుంది.

ఉంగరం మాత్రం తర్వాత రెండు చోట్ల కనిపిస్తుంది. ఎస్తేరు గ్రంథం రెండో అధ్యాయం, ఎస్తేరును పెంచిన మొర్దెకై వంశాన్ని చెబుతూ వాళ్లను యెకొన్యాతో కూడా చెరపట్టుకుపోయారని అంటుంది. అంటే ఇతనితో కలిసి నడిచిన గుంపే. ఆ మొర్దెకైకి పారసీక రాజు తన మంత్రి హామాను దగ్గర నుంచి లాక్కున్న ఉంగరం ఇచ్చాడు. మీ అయ్యగారికి యోసేపుకు జత కావాలంటే మొర్దెకై బాగా అతుకుతాడు. రెండోది హగ్గయి చివరి వచనం. క్రీ.పూ. 520, దేవాలయం మళ్లీ కడుతున్న రోజులు. జెరుబ్బాబెలుతో దేవుడు "నిన్ను ముద్ర ఉంగరంగా చేస్తాను" అంటాడు. జెరుబ్బాబెలు ఎవరు? యెహోయాకీను మనవడు. తాతను ఉంగరంలా చేతి నుంచి ఊడబీకుతానన్న మాటనే మనవడితో తిరగేసి చెప్పాడు. ఆ మనవడు కూడా రాజు కాలేదు, పారసీక రాజు కింద అధికారి మాత్రమే.

కాబట్టి పోల్చవచ్చు, ఒక్క వాక్యంలో మాత్రం వద్దు. మీకు ఎప్పుడైనా చెప్పే అవకాశం వస్తే రెండవ రాజులు 24తో మొదలుపెట్టి, యిర్మీయా 22, 29 చదివి, రెండవ రాజులు 25వ అధ్యాయం చివరికి వచ్చి, అక్కడి నుంచి హగ్గయి రెండుకు వెళ్లండి. నాకు గంటంబావు పడుతుంది. ప్రశ్నలు వస్తే రెండు బుధవారాలు.

ఒక్కటి మర్చిపోయాను, ఎవరో ఒకరు అడుగుతారు. రాజుల గ్రంథం పన్నెండో నెల ఇరవై ఏడో రోజు అంటుంది, యిర్మీయా 52 ఇరవై ఐదో రోజు అంటుంది. ఉత్తర్వు ఒకరోజు, బయటికి రావడం ఇంకోరోజు అని కొందరు సర్దుతారు. మన జైళ్ల తీరు తెలిసినవాళ్లకు అది నమ్మశక్యంగానే ఉంటుంది. నకలు రాసేటప్పుడు జారిన అంకె అని ఇంకొందరు అంటారు. నేనైతే రెండు అంకెలూ బోర్డు మీద రాసి ముందుకు వెళ్లిపోతాను.